తడి రాగి, పొడి ఫిల్మ్

ఇంట్లో సర్క్యూట్ బోర్డు చేస్తున్నానంటే ముందు అందరూ అడిగేది యాసిడ్ గురించే. ఫెర్రిక్ క్లోరైడ్‌తో మనకి పెద్ద పని లేదు, రాగిని తినడం దానికి తెలుసు. బోర్డు నిలిచేదీ, చెడేదీ అంతకు ముందే, ఫోటోరెసిస్ట్ ఫిల్మ్ అతికించే దగ్గర.

బుడితి ఇత్తడి బిందె ఉన్న ఏ ఇంట్లోనైనా చింతపండుతో తోమడం తెలిసిన విద్యే. రాగి పలకకీ అదే వైద్యం. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉక్కకి, ఉప్పుగాలికి తోమిన రాగి ఎంతోసేపు మెరుస్తూ ఉండదు. అందుకని తోమిన వెంటనే అతికించాలి. పీచుతో రుద్ది, కడిగి, పలకని నిలబెట్టి నీళ్ళు పోయండి. నీరు ఒకే పొరగా జారిందా, సరే. ఎక్కడైనా విడిపోయి బొట్లుబొట్లుగా నిలిస్తే అక్కడ వేలి జిడ్డుంది, మళ్ళీ తోమాల్సిందే.

ఫిల్మ్‌కి మూడు పొరలు. పైన పాలిస్టర్, కింద మెత్తటి ప్లాస్టిక్, మధ్యలో అసలు మందు. ఇలాంటి పొడి ఫిల్మ్‌ని రిస్టన్ పేరుతో 1968లో డ్యూపాంట్ తెచ్చింది. మూల దగ్గర అటొకటి ఇటొకటి టేపు ముక్కలు అంటించి లాగితే కింది పొర ఊడివస్తుంది. గోటితో గీకారో, మందు చిరుగుతుంది. పొడిగా అతికించేవాళ్ళున్నారు గానీ నేను తడి పక్షం. రాగి మీద పల్చగా నీరుంచి, ఫిల్మ్ పరిచి, పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి అంచులకి నెడితే నీటితోపాటు గాలీ పోతుంది. ఆపైన వేడి రోలర్ల మధ్య దూర్చాలి, 110 డిగ్రీలు కావాలి. ఆధార్ కార్డులకి లామినేషన్ చేసే మెషీన్ చాలు, పలక పల్చగా ఉంటే. జిరాక్స్ షాపతను మాత్రం రాగిని చూడగానే, "ఏటండీ ఇది, రోలరు పాడైపోదా?" అంటాడు. అతని భయం అతనిది.

ఇదంతా పసుపు బల్బు కిందే. ట్యూబులైటు వేస్తే మందు నెమ్మదిగా గట్టిపడిపోతుంది. అల్ట్రావయొలెట్ వెలుగు తగిలిన చోట నిలిచి, తగలనిచోట చాకలి సోడా నీళ్ళలో కరిగిపోవడమే దాని గుణం. లీటరుకి 10 గ్రాముల సోడా. నీళ్ళు 30 డిగ్రీల దగ్గర ఉండాలంటారు, మనకి కుళాయి నీళ్ళే అలా వస్తాయి. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్ళయితే చల్లార్చుకోవాలి!

"ఎందుకు మావయ్యా ఈ పాట్లు? ఫైలు పంపితే కంపెనీవాళ్ళే చేసి కొరియర్‌లో పంపరా?" అంటాడు ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు. పంపుతారు. రంధ్రాల లోపల కూడా రాగి పూతేసి, నా దానికంటే బాగా చేస్తారు. కానీ పొద్దున్న గీసిన డిజైన్లో తప్పు సాయంత్రానికే తెలియాలంటే ఇదే దారి. గీతలు లావుగా ఉంటే ప్రింటుని ఇస్త్రీ పెట్టెతో రాగి మీదకి దించే పద్ధతీ సరిపోతుంది. కాళ్ళు దగ్గరదగ్గరగా ఉండే ఐసీలకే ఫిల్మ్ కావాలి. మిగిలిన ముక్క నల్ల కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, తీయగానే విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగితే చాలు.