ముచ్చట్లంటే మాటలా!

మన సాహిత్య విమర్శకుల ఇంట్లో నవలకి పీట వేస్తారు. కథానికకి చాప పరుస్తారు. కవిత్వానికైతే పట్టుపరుపే! వారపత్రికలో ఇంటి సంగతులు రాసే రెండు పేజీల వ్యాసానికి మాత్రం గుమ్మం అవతలే చోటు. ‘‘ఆఁ, అవి ముచ్చట్లేగా’’ అంటారు. భోజనాలయ్యాక నోట్లో వేసుకునే వక్కపలుకు లాటివట. వక్కపలుకు మీద విమర్శేమిటని వాళ్ల ఉద్దేశం గాబోలు.

ఉండాలనే అంటాను నేను. ఎందుకంటే నవల చదవడానికి తీరిక లేని ఇల్లాళ్లు కూడా ముచ్చట చదివేవారు. చదివిన రెండు పేజీలే మనసులో నిలిచిపోయేవి. అంతమంది ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్లినదాని బాగోగులు చూడకపోతే ఎలా చెప్పండి?

ఈ రకం రచనల్లో ముందుగా గుర్తుకొచ్చేది ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చిన ‘ఇల్లాలి ముచ్చట్లు’. కింద సంతకం పురాణం సీత. రాసింది మాత్రం ఆ పత్రిక సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు. సంతకం సంగతి తరవాత చెప్పుకుందాం. ముందు గుణం చెప్పడం న్యాయం.

ఆ శీర్షిక చేసిన గొప్ప పని ఏమిటంటే, ఊళ్లో వార్తని ఇంట్లోకి పిలిచి కూచోబెట్టడం. ఢిల్లీలో ప్రభుత్వం మారిందనుకోండి, సంపాదకీయం రాజ్యాంగం తిరగేస్తుంది. ముచ్చట పంచదార డబ్బా తిరగేస్తుంది. సంపాదకీయం ‘‘దేశం ఎటు పోతోంది’’ అని అడుగుతుంది. ముచ్చట ‘‘ఈ నెల ఎలా గడుస్తుంది’’ అని అడుగుతుంది. రెండో ప్రశ్న చిన్నదని ఎవరన్నారు? దానికి జవాబు చెప్పలేక తలదించుకున్న మంత్రులెందరు లేరు!

ఈ కొలత ఎంత గట్టిదో తేల్చుకోవాలంటే మా మెట్ట ప్రాంతానికి తెచ్చి చూడండి. నందిగామ, జగ్గయ్యపేట. హైదరాబాదు–విజయవాడ రోడ్డుమీద ఊళ్లు. దేశంలో ఏ వార్త పుట్టినా మా గుమ్మం ముందునుంచి లారీ వెళ్లినట్టు వెళుతుంది. ఒక్కోసారి ఆగుతుంది కూడాను. 2020 మార్చిలో కరోనా అని దేశానికి తాళం వేసినప్పుడు, హైదరాబాదు హాస్టళ్లనుంచి బయల్దేరిన పిల్లలు జగ్గయ్యపేట దాపున గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. పేపర్లలో అది రెండు రాష్ట్రాల సరిహద్దు సమస్య. అదే ఇల్లాలికైతే ‘‘ఆ పిల్ల పొద్దుటినుంచీ ఏం తిందో’’ అనే సమస్య. 2023 జులైలోనూ, మళ్లీ 2024 సెప్టెంబరులోనూ మున్నేరు పొంగి నందిగామ పక్కన ఐతవరం దగ్గర రోడ్డెక్కింది. ఇంజనీర్లు నీళ్లెంత వచ్చాయో లెక్క కట్టారు. తడిసిన బియ్యం, ముక్కిన పప్పు, బురద పట్టిన పిల్లల పుస్తకాలు – వీటి లెక్క ఎవరు కట్టారు? అది కట్టేదే ముచ్చట.

పోనీ, తీపి సంగతే చూడండి. 2025 ఆగస్టు 15నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు తీసేశారు. ఉపన్యాసాల్లో దీని పేరు స్త్రీ శక్తి. జగ్గయ్యపేటలో ఎక్కి నందిగామలో దిగే ఆవిడకి అది ఆసుపత్రి, బజారు, అక్కగారి పలకరింపు – మూడూ ఒక్క పూటలో. అదే ఆవిడ కూతుర్ని కోదాడ ఇచ్చిందనుకోండి, సరిహద్దు దాటే బస్సులో టికెట్టు కొనాల్సిందే. అక్కచెల్లెలి ఇంటికి ఉచితం, కూతురింటికి కాదు! రాష్ట్ర విభజన గురించి ఎన్ని పుస్తకాలు వచ్చాయో గాని, ఈ ఒక్క వాక్యం రాయాలంటే ముచ్చట్లు రాసే చెయ్యే కావాలి.

సరే, గుణాలు చెప్పుకున్నాం. ఇక దోషాలు.

మొదటిది ఇల్లు. మన పత్రికల్లో ముచ్చట్లన్నీ దాదాపు ఒకే ఇంట్లో జరుగుతాయి. ఒకటో తారీఖు జీతం వచ్చే ఇల్లు. కాఫీ, పేపరు, ఆఫీసు, పక్కింటి పిన్నిగారు, రాని పనిమనిషి. పనిమనిషి రాకపోవడం మంచి ముచ్చటే, ఒప్పుకుంటాను. రాని పనిమనిషి ఇంట్లో ఏం జరిగిందన్నది మాత్రం ఎన్నడూ ముచ్చట కాలేదు. మా వైపు మిరప కోతలు మొదలైతే చాలు, గిన్నెలు తోమే మనిషి మిరప చేలో తేలుతుంది. అక్కడ కూలి మెరుగు గనక వెళుతుంది. సాయంత్రానికి చేతులు మంట. ఆ చేతులతో చంటిపిల్లాణ్ణి ఎత్తుకోవాలన్నా, కన్ను నులుముకోవాలన్నా భయమే. కల్లంలో ఎర్రటి తివాచీలా ఆరబోసిన కాయల్ని పత్రికలు ముఖచిత్రంగా వేశాయి గాని, ఆ మంటని లోపలి పేజీల్లోకి రానివ్వలేదు. ‘ఇల్లాలు’ అంటే జీతగాడి భార్య ఒక్కతేనా?

రెండోది ఆ సంతకం. ఆ రోజుల్లో ఆడపేర్లతో రాసిన మగవాళ్లు మన తెలుగులో కొల్లలు. అందులో తప్పు పట్టడానికేం లేదు. పరకాయ ప్రవేశం చెయ్యలేనివాడు రచయితే కాడు. శర్మగారు ఇంటి మాట తీరుని చెవొగ్గి విన్నవారు. ఆ విరుపు, ఆ దెప్పు, మాటకి మాట అందించే ఆ చురుకు వినకుండా రావు. కాని ఒక్కటి తోస్తుంది నాకు. మొగుడి చేత్తో రాసిన ఇల్లాలు ప్రతివారమూ మాటలో గెలుస్తుంది. గెలిచి లోపలికి వెళ్లి కాఫీ కలుపుతుంది. మొగుడు ఓడిపోయి కుర్చీలోనే ఉంటాడు. మనం నవ్వుకుంటాం. ఆ నవ్వు హాయిగానే ఉంటుంది గాని, కుర్చీ మాత్రం చేతులు మారదు.

సొంత చేత్తో రాసినప్పుడు తేడా ఎక్కడొస్తుందో చూడండి. భానుమతిగారు ‘అత్తగారి కథలు’ రాశారు. నటి, దర్శకురాలు, నిర్మాత – సినిమా లోకమంతా జంకే మనిషి, కథలో మాత్రం అత్తగారి వెనక నిలబడి చూసే కోడలు. ఆ అత్తగారు రాక్షసి కాదు, దేవతా కాదు. చాదస్తం, పంతం, అమాయకత్వం కలిసిన నిండు మనిషి. అత్తని మనిషిగా చూడడం మగ రచయితల హాస్యానికి అంత సులువుగా పట్టుబడలేదు.

మాలతీ చందూర్‌గారు మా పక్క నూజివీడు ఆడపడుచే. ఆంధ్రప్రభలో ‘ప్రమదావనం’ దశాబ్దాల తరబడి నడిపారు. ఆ శీర్షికకి ప్రాణం ప్రశ్నలు. వంట దగ్గర మొదలై కాపురం దాకా, చదువు దాకా, ప్రపంచం దాకా వెళ్లిన ప్రశ్నలు. అక్కడ ఇల్లాలు పాత్ర కాదు, ఉత్తరం రాసిన మనిషి. బాధ చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేక పోస్టుకార్డుకి చెప్పుకుంది. ముచ్చట్ల శిల్పం ప్రమదావనంలో లేకపోవచ్చు, ముచ్చట్లలో లేని సాక్ష్యం అక్కడుంది.

సాక్ష్యం అంటే మా పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుర్తొస్తుంది. నందిగామకీ జగ్గయ్యపేటకీ నడుమ మున్నేటి ఒడ్డున వెలసిన తల్లి. ఆవిడ కథ తెలియని ఇల్లాలు మా వైపు లేదు. అత్తింటి ఆరళ్లు పడ్డ కోడలు. మొగుడు గోపయ్యని పులి పొట్టన పెట్టుకుంటే అగ్నిలో ఐక్యమైందని చెప్పుకుంటారు. ఇప్పుడు తిరునాళ్లకి జనం ఇసకేస్తే రాలరు. రెండేళ్లకోసారి విగ్రహాలని జగ్గయ్యపేటకి ఊరేగించి, కొత్త రంగులు వేయించి, మళ్లీ తీసుకెళతారు. పుట్టింటికి వచ్చి కొత్త చీరె కట్టుకు వెళ్లిన ఆడపిల్లలా ఉంటుంది చూడడానికి. భక్తితో దణ్ణం పెట్టుకునేటప్పుడే నాకో సందేహం కూడా వస్తుంది. ఆ కోడలు ఆరళ్లు పడుతున్న రోజుల్లో ఏమని ఉంటుంది? పక్కింటావిడతో ఏం చెప్పుకుని ఉంటుంది? అప్పుడు వినని ఊరు, అమ్మవారయ్యాక మొక్కులు మొక్కుతోంది. బతికుండగా ఒక్క ముచ్చటైనా విని ఉంటే!

అందుకే ముచ్చట్లని తక్కువ చెయ్యొద్దంటున్నాను. అవి వక్కపలుకులు కావు. కోడలు కోడలుగా ఉండగానే, అమ్మవారు కాకముందే, ఆమె మాట నలుగురికీ వినిపించే సాధనం. పురాణంవారు దారి వేశారు. ఆ దారిన నడవాల్సింది ఇక సొంత సంతకంతోనే. నందిగామ బస్టాండులో, జగ్గయ్యపేట బజారులో, మిరప కల్లంలో వినబడే మాటలకి ఇంకా సంతకం పడాల్సి ఉంది.

వంటయ్యాక రాద్దాంలే అంటారేమో. వంట ఎప్పటికైనా అవుతుందా అండీ? ఎసరు కాగేలోగా నాలుగు వాక్యాలు రాయండి. కింద మీ పేరే పెట్టండి.