గుమ్మటము లేని మసీదు

ఇస్లాము వాస్తుకళ యనినంతనే అన్యమతస్థుల మనస్సున గుమ్మటమును మినారులును మెదలును. తాజమహలును చూచిన కన్నులకు వేరొక రూపము తోచకపోవుట సహజమే. కాని ఆ అలవాటునే ప్రమాణముగా గొని నేటి కట్టడములకు విలువ కట్టుట న్యాయము కాదు. ఇందులకు ఢాకా నగరమందలి బైతుర్ రవూఫ్ మసీదు మంచి నిదర్శనము.

2012లో పూర్తియైన యీ మసీదునకు రూపకల్పన చేసినది మరీనా తబస్సుమ్ అను వాస్తుశిల్పిని. స్థలమును ఆమె అమ్మమ్మ దానమిచ్చినది. దీనికి గుమ్మటము లేదు, మినారు లేదు. వెలుపల చతురస్రము, దానిలో గుండ్రని గోడ, ఆ గోడలోపల మరల చతురస్రమైన ప్రార్థనామందిరము. స్థలము మక్కా దిక్కునకు 13 డిగ్రీలు ఓరగా నుండుటచే లోపలి మందిరమును అంతమేరకు త్రిప్పిరి. నడుమనున్న గుండ్రని గోడ ఆ మలుపును కంటికి తెలియనీయదు. ఇటుకల జాలీలగుండ గాలి వీచును. పైకప్పునందలి చిన్న చిన్న రంధ్రములనుండి వెలుగు నేలపై చుక్కలై రాలును. ఇంతకు మించిన అలంకారము అక్కడ అక్కరలేదు.

2016లో దీనికి ఆగాఖాన్ వాస్తుకళా పురస్కారము లభించినది. సంప్రదాయమును త్రోసివేసిన ఆధునిక నిర్మాణమని దీనిని మెచ్చువారు కలరు. ఆ మెప్పు సరికాదు. బంగాళమును సుల్తానులు పాలించిన నాటి మసీదులు ఇటుకతో కట్టినవే. బాగేర్‌హాట్‌లోని 15వ శతాబ్దపు మసీదు నేటికిని నిలిచియున్నది. మరీనా గుమ్మటమును విడిచినది గాని ఇటుకను విడువలేదు. మదీనాలో ప్రవక్త కట్టించిన మసీదునకు ఖర్జూరపు మ్రానులే స్తంభములు. దానికిని గుమ్మటము లేకుండెను.

ఇది కేవలము అభిరుచికి సంబంధించిన విషయము కాదు. 2009 నవంబరులో స్విట్జర్లాండు ప్రజలు ఓటువేసి క్రొత్త మినారుల నిర్మాణమును నిషేధించిరి. అప్పటికి ఆ దేశమంతటను ఉన్నవి నాలుగే మినారులు! మినారును చూచి వెరచినవారును, మినారు లేదని మెచ్చినవారును చూచినది మినారునే. దానిక్రింద నమాజు చేయువానిని కాదు.

గుమ్మటము దోషమని నా భావము కాదు. తగినచోట అది శోభించును. పరభాషా ప్రాంతములందు తరతరములుగా వసించు మనకు, కట్టును యాసను చూచి మనలను తూచువారు క్రొత్త కాదు. కావున పరుల కట్టడమును చూచునపుడు, అది యెందులకు కట్టబడినది, ఆ పని యందు చక్కగా సాగుచున్నదా యని మొదట విచారించుట మనకు తగును.