ఒక్క ఊరు చాలు

ఆదివారం పొద్దున్నే బెజవాడలో కారెక్కే కుటుంబాల లెక్క దాదాపు ఒకటే. తెనాలిలో టిఫిను, బాపట్లలో భావనారాయణస్వామి దర్శనం, సూర్యలంకలో స్నానం, పొద్దుంటే పెనుమూడి వంతెన దాటి మోపిదేవి. రాత్రి ఇల్లు చేరేసరికి పిల్లలు వెనకసీట్లో నిద్ర, పెద్దలకు నడుం నొప్పి. ఫోన్లో ఫొటోలు బోలెడు, మనసులో మాత్రం ఒక్క ఊరూ నిలవదు.

సేదతీరడానికి వెళ్లేవాళ్లకు ఒక్క ఊరు చాలు. తెనాలికీ రేపల్లెకీ మధ్యనున్న భట్టిప్రోలు అలాంటిది.

దానికి కారు కూడా అక్కర్లేదు. బెజవాడ నుంచి తెనాలి దాకా ఒక రైలు, అక్కడి నుంచి రేపల్లె లైన్లో ఇంకోటి. ఈ లైను 1916 నాటిది. రైలు మారే మధ్యలో తెనాలిలో కాస్త తిరగొచ్చు. బెల్లం పాకంలో నల్లగా మెరిసే జిలేబి వేడివేడిగా తినొచ్చు. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో ఒరిగిన ఏడుగురిని తలుచుకుంటూ రణరంగ చౌక్‌లో కాసేపు నిలబడొచ్చు. తెలుగు పిల్లలకు చదువు రుచి చూపిన 'చందమామ'ను 1947లో నాగిరెడ్డితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణి, తర్వాత దశాబ్దాలపాటు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు ఈ ఊరివాళ్లే. అక్షరాల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇక్కడి నుంచి ముందుకెళ్లే రైలు మరీ నచ్చుతుంది.

జంపని, వేమూరు దాటుతుంటే కిటికీ పక్కన కాలువ గట్లు, అరటి తోటలు, మాగాణి. శీతాకాలంలో అయితే ఓ చక్కని దృశ్యం కంటబడుతుంది. వరి కోయడానికి కొద్దిరోజుల ముందే రైతులు చేలో మినుములు చల్లేస్తారు. కోత కాగానే కొయ్యకాళ్ల మధ్య లేత మినుము మొక్కలు పచ్చగా తలెత్తుతాయి. మెల్లగా నడిచే బండిలోంచి అవి ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.

భట్టిప్రోలులో దిగితే ఎదురయ్యేది బౌద్ధ స్తూపం. మిగిలింది గుండ్రటి ఇటుకల దిబ్బే. ఇటుక ఒక్కోటి మూరెడు పొడవు! 19వ శతాబ్దంలో ఈ ఇటుకలను రోడ్డు పనులకు తరలించారు, చలువరాతి పలకలు వెల్లటూరు లాకు కట్టడానికి పోయాయి. ఆ విధ్వంసం తర్వాత 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే తవ్వితే ధాతువులు దాచే రాతి పెట్టెలు (కరండాలు), స్ఫటికపు భరిణె, బంగారు పూలు బయటపడ్డాయి. ఇక్కడ దొరికిన బుద్ధుడి ధాతువుకు, అంటే అవశేషానికి, 1920లో కలకత్తాలో మహాబోధి సొసైటీ ధర్మరాజిక విహారం కట్టింది.

అన్నిటికన్నా విలువైనవి కరండాల మీద చెక్కిన అక్షరాలు. భాష ప్రాకృతం, కాలం సుమారు క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాలు. కుబిరకుడనే రాజు పేరు అందులో ఉంది. వాటిని చదివిన పండితుడు బ్యూలర్ ఈ లిపిలో ఒక వింత గమనించాడు. అశోకుడి బ్రాహ్మి లిపిలో 'క' రాస్తే 'అ' దానంతటదే కలిసి పలుకుతుంది. ఇక్కడ 'అ' పలకాలంటే పక్కకో చిన్న అడ్డగీత గీయాలి, లేకుంటే అది ఉత్త హల్లు. 'మ' తలకిందులుగా ఉంటుంది. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేటప్పుడు పండితులు భట్టిప్రోలు పేరు ఎత్తుతుంటారు. పలక మీద తలకట్టు పెట్టే ప్రతి తెలుగు బిడ్డా ఒక్కసారైనా చూడాల్సిన నేల ఇది.

వచ్చే ఆదివారం అక్షరాలు దిద్దుతున్న పిల్లలుంటే వెంటబెట్టుకెళ్లండి. ఆ అడ్డగీత సంగతి చెప్పి, మట్టిలో పుల్లతో గీయించండి. ఎండ ముదరకముందే చేరుకోండి, మంచినీళ్లు పట్టుకెళ్లండి. దిబ్బ మీది ఇటుకను మాత్రం ఒక్కదాన్నీ కదపకండి.