నాలుగు చుట్ల విద్య

సంక్రాంతి వెళ్లిన పిదప మా అనకాపల్లి జిల్లాలో ఊరూర తీర్థములు మొదలగును. అమ్మవారి ఘటములు వీధుల వెంట సాగునప్పుడును, కోలాటము కట్టిన బృందము రోలుగుంట వీధులలో మెల్లగా కదలునప్పుడును, వినాయక నిమజ్జనమునకు ట్రాక్టరు చెరువువైపు మరలినప్పుడును, ఎన్నికల జీపు నర్సీపట్నము బాటపట్టి దారిలోని ప్రతి పల్లెను పలుకరించునప్పుడును మైకుసెట్టు బండిమీదనే ఉండక తప్పదు. గోడకున్న ప్లగ్గు ఊరేగింపు వెంట రాదు గదా! జనరేటరు పెట్టుదమన్న దాని రొద పాటను మ్రింగును, దాని కిరాయి కమిటీవారి చందాలను మ్రింగును. కాగా బండిలో సిద్ధముగా నున్నది 12 వోల్టుల బ్యాటరీ యొక్కటే. దానినుండి వీధి నిండు ధ్వనిని రాబట్టుటకై ఆంప్లిఫయరునకు ముందు అమర్చు స్విచింగు పవర్ సప్లైని తమ చేతులతోనే కట్టుకొను మెకానిక్కుల విద్య కొంచెము నిదానముగా చూడదగినది.

స్పీకరు నాలుగు ఓములదైనప్పుడు, బ్రిడ్జి పద్ధతిలో కట్టిన ఆంప్లిఫయరు పండ్రెండు వోల్టులతో ఎంత పెనగినను, లోపలి నష్టములేవియు లేవనుకొన్నను, 18 వాట్లకు మించి శుద్ధమైన ధ్వని నీయజాలదు. కారు స్టీరియో ముఖముమీద 50 వాట్ల చొప్పున నాలుగు అని అచ్చువేసి యుండును. ఇంజను నడుచుచు వోల్టేజి 14.4కు చేరిన వేళ, పాట తరంగము పూర్తిగా నలిగి చతురస్రమైపోయిన స్థితిలో వచ్చు లెక్క అది. వినుటకు గాక అమ్ముటకు వేసిన అంకె. ఆంప్లిఫయరునకు ఒకవైపు 35, రెండవవైపు మైనస్ 35 వోల్టులు అందించిన పక్షమున అదే స్పీకరులో నూరు వాట్లు దాటి వచ్చును. కావలసినది వోల్టేజి, అది నేరుగా పెరుగదు, ఏలయనగా బ్యాటరీది డీసీ, ట్రాన్స్‌ఫార్మరు డీసీని గుర్తింపదు.

ఆ డీసీని తెంచి తెంచి పంపవలెనను ఊహ పాతదే. 1930ల నాటి కారు రేడియోలలో వైబ్రేటరు అను లోహపు నాలుక సెకనుకు సుమారు నూరుమార్లు కొట్టుకొనుచు బ్యాటరీ ప్రవాహమును తెంచెడిది. వాల్వులకు వలసిన వోల్టేజి అట్లు పుట్టెడిది, నాలుక కొనలు మాత్రము కాలి అరిగిపోయెడివి. 1950లలో ట్రాన్సిస్టరు ఆ నాలుకకు బదులు వచ్చినది. మన పల్లెల హారన్ మైకుసెట్లు వేరొక దారి త్రొక్కినవి: అహూజా వంటి ఆంప్లిఫయర్లు బ్యాటరీ వోల్టేజిని ముట్టక, ధ్వనినే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో పెంచి 100 వోల్టుల లైనుగా హారన్లకు పంపును. ప్రకటనకును హరికథకును అది చాలును గాని, డప్పు మ్రోతలోని మంద్రస్వరములు ఆ ఇనుమును దాటలేవు. అమెరికాలో 1970లలో జిమ్ ఫాస్గేట్ మొదలైనవారు కార్లకై అధికశక్తి ఆంప్లిఫయర్లు నిర్మింపగా, స్విచ్చువలె పనిచేయు మాస్ఫెట్టు ట్రాన్సిస్టర్లు చవుకయైన పిమ్మట ఆ విద్య మన రిపేరు బల్లల మీదికిని దిగినది.

ఇందలి మర్మ మొక్కటే. పూర్తిగా మూసిన స్విచ్చులో వోల్టేజి నిలువదు, పూర్తిగా తెరచిన స్విచ్చులో ప్రవాహము నడువదు. కనుక రెండు స్థితులలోను వేడి దాదాపు లేదు. వేడియంతయు ఒక స్థితినుండి మరొక స్థితికి మారు ఆ లిప్తపాటులోనే పుట్టును. ఈ పవర్ సప్లై కట్టువాని నైపుణ్యమంతయు ఆ లిప్తపాటును కాచుకొనుటలోనే యున్నదని నా అభిప్రాయము. వాట్ల సంగతి తరువాత.

సెకనుకు ఏబదివేల మార్లు తెంచినచో ట్రాన్స్‌ఫార్మరు ఎంత చిన్నదగునో చూడుడు. ఈటీడీ 39 అను ఫెర్రైటు కోరు నడిమి కాలి వైశాల్యము 125 చదరపు మిల్లీమీటర్లు. దానిపై బ్యాటరీ వైపు చుట్టయగు ప్రైమరీకి, వంతులవారీగా నడుచు రెండు సగములలో ఒక్కొక్క దానికి, నాలుగు చుట్లు వేసిన చాలును, 12 వోల్టులకు అయస్కాంత సాంద్రత 0.12 టెస్లాకు మించదు. అదే కోరుపై అదే సాంద్రతతో ఇంటి కరెంటువలె 50 హెర్ట్జులకు చుట్టవలసివచ్చిన నాలుగువేల చుట్లు కావలెను! మూడు నాలుగు కిలోల ఇనుప ట్రాన్స్‌ఫార్మరు చేయు పని వంద గ్రాములు తూగని నల్లని ముద్ద చేయుచున్నది. ఆంప్లిఫయరు వైపు చుట్టయగు సెకండరీకి సగమొక్కింటికి పండ్రెండు చుట్లు: బ్యాటరీ 12 వోల్టులున్నప్పుడు 36, ఇంజను నడుచునప్పుడు 43. అందుచేతనే తెలిసినవారు 50 వోల్టుల కెపాసిటరుతో తృప్తిపడక 63 వోల్టులది వేయుదురు.

నాలుగే చుట్లు గదాయని లావు తీగ నొక్కటి తీసి చుట్టబూనుట క్రొత్తవారు చేయు పని. అంత వేగముగా మారు ప్రవాహము రాగి నడుమకు దిగదు, పైపొరలో 0.3 మిల్లీమీటరు లోతున మాత్రమే నడచును. కావున 26 గేజి ఎనామెల్ తీగలను పది పండ్రెండు పోగులుగా గొళ్లెమునకు తగిలించి, రెండవ కొసను చేతి డ్రిల్లులో బిగించి, జడవలె పురిపెట్టుదురు. ప్రైమరీ రెండు సగములకు రెండు పురులు. ఆ రెంటిని జంటగా పట్టుకొని ఒకేసారి చుట్టవలెను. ఒక సగము ముందు, రెండవది దానిపై చుట్టినచో పొడవులు వేరగును, పొత్తు కుదరదు, మాస్ఫెట్టు తెరచుకొన్న ప్రతిసారియు వోల్టేజి ముల్లువలె పైకి లేచును. సెకండరీలో ఒక సగమును ప్రైమరీ క్రిందను, రెండవ సగమును దానిపైనను వేసి నడుమ మైలారు టేపు చుట్టువారు మరింత జాగ్రత్తపరులు. ఇక కొసల ఎనామెలును బ్లేడుతో గీకుట: పది పోగులలో రెండు గీకుడు పడక పైకి టంకము మాత్రము మెరసినచో, తక్కిన ఎనిమిదియు ఆ రెంటి భారమును మోయును. ఎండకు ఎదురుగా పట్టి ఒక్కొక్క పోగును త్రిప్పి చూచుట విసుగైన పనియే. ఆ విసుగు పడనివాని ట్రాన్స్‌ఫార్మరు తీర్థము నడుమ వాసన వేయును.

క్రొత్త కోరు దొరకనప్పుడు పాత కంప్యూటరు సప్లైలోని దానిని మరుగునీటిలో కొంతసేపు ఉంచి, జిగురు మెత్తబడిన పిదప మెల్లగా లాగుదురు. బలము చూపిన ఫెర్రైటు పింగాణివలె చిట్లును.

మాస్ఫెట్లను ఆడించుటకు ఎస్‌జీ 3525 అను ఐసీ మెకానిక్కులకు చిరపరిచితము. దాని ఐదవ, ఏడవ కాళ్ల నడుమ వేయు చిన్న రెసిస్టరు, ఒక ప్రక్క మాస్ఫెట్టు తెరచుకొనిన పిదప రెండవ ప్రక్కది మూతపడుటకు ముందుండవలసిన విరామమును నిర్ణయించును. ఆ విరామము లోపించిన రెండు ప్రక్కలు ఒకేసారి మూతపడి బ్యాటరీ నేరుగా షార్టగును. విరామము మితిమీరినచో శక్తి తగ్గును. తెరచుకొనియున్న మాస్ఫెట్టుపై సరఫరాకు రెట్టింపు, అనగా 29 వోల్టులును, దానిపై ఆ ముల్లును పడును. కనుక 55 వోల్టులకు ఓర్చు ఐఆర్‌ఎఫ్ 3205ను ప్రక్కకు రెండేసి వాడుట వాడుక. డయోడు విషయమున మాత్రము పొదుపు పనికిరాదు: అలవాటు కొలది 1ఎన్ 5408 వేసినచో అది ఈ వేగమునకు ప్రవాహమును ఆపలేక మాడును, ఎంయూఆర్ 1560 వంటి వేగపు డయోడే కావలెను.

తొలిసారి కరెంటు ఇచ్చునప్పుడు ప్లస్ తీగకు సిరీసుగా హెడ్‌లైటు బల్బు తగిలించుట మన షాపుల సంప్రదాయము. బల్బు ఒకసారి మినుకుమని ఆరినచో కెపాసిటర్లు నిండినవని యర్థము. నిండుగా వెలిగినచో ఎచ్చటనో షార్టున్నది, కాని ఒక్క మాస్ఫెట్టును పోలేదు. పిమ్మట బల్బు తీసి, కొంత లోడు పెట్టి, రెండు ప్రక్కల హీట్‌సింకులను వ్రేళ్లతో తడవిచూచెదరు. ఒకటి చల్లగా, రెండవది చురుక్కుమన్నచో ప్రైమరీ సగములు సమముగా లేవు, మరల విప్పవలసినదే.

రెడీమేడు బోర్డులు ఇంటికే వచ్చుచున్న ఈ కాలమున ఇంత శ్రమ యేలయని అడుగువారు కలరు. తీర్థము నడుమ సెట్టు మూగపోయినప్పుడు, చుట్ల లెక్క తన నోటుబుక్కులో నున్నవాడు గంటలో దానిని లేపును. బోర్డు కొన్నవాడు ఇంకొక బోర్డునకై ఎదురుచూచును. నా కింతకన్న గొప్ప హేతువు తోచదు. రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు లౌడ్‌స్పీకరు కూడదన్న 2000 నాటి కేంద్ర నియమములు మాత్రము ఇరువురికిని సమానమే.

తుదకు తీగలు. మూడువందల వాట్లు రాబట్టుటకు బ్యాటరీనుండి ఇంచుమించు 30 ఆంపియర్లు లాగవలెను; సన్నని తీగలో రెండు వోల్టులు పోయిన, నాలుగు చుట్ల ప్రైమరీకి అందునది పది వోల్టులే. సెకండరీ గ్రౌండును బండి బాడీకి నేరుగా గాక ఒక రెసిస్టరు ద్వారా కలిపినచో, యాక్సిలరేటరు త్రొక్కినకొలది స్పీకరులో పెరుగు ఈల చాలవరకు అణగును. ఫ్యూజును అందుబాటుగా నుండునని ఆంప్లిఫయరు ప్రక్కనే పెట్టుట చాలమంది యలవాటు. దారిలో తీగ రాపిడికి ఒలిచి బాడీని తాకినచో ఆ ఫ్యూజు దాక ప్రవాహము రానే రాదు, బ్యాటరీయొద్దనే తీగ కాలును. దాని చోటు బ్యాటరీ ప్లస్‌నుండి జానెడు దూరమున.