26 క్రెడిట్ల పనితనం

టెక్సాస్‌లో తొమ్మిదో తరగతిలో చేరిన ప్రతి విద్యార్థికీ ఒక కాగితం తయారవుతుంది. దాని పేరు పర్సనల్ గ్రాడ్యుయేషన్ ప్లాన్. నాలుగు వరుసలు, వరుసకు ఏడో ఎనిమిదో గడులు, గడికో కోర్సు పేరు. కింద విద్యార్థి సంతకం, అమ్మదో నాన్నదో సంతకం. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు తెలుగు ఇళ్లలో చాలామంది దీన్ని టైమ్‌టేబుల్ అనుకుని సంతకం పెట్టి పంపించేస్తారు. కానీ బాగా వేసిన ప్లాన్ ఒకటి ముందు పెట్టుకుని గడి గడీ చూడండి. పద్నాలుగేళ్ల పిల్లకు డిప్లొమా దాకా దారి వేస్తూనే, మధ్యలో మనసు మార్చుకునే వీలు కూడా మిగల్చడం ఎంత నేర్పున్న పనో తెలుస్తుంది.

ముందు లెక్క చూద్దాం. 2013లో అక్కడి శాసనసభ హౌస్ బిల్ 5 అనే చట్టం చేసింది. 2014-15లో తొమ్మిదిలో చేరిన బ్యాచ్ నుంచి డిప్లొమాకు కనీసం 22 క్రెడిట్లు కావాలి. ఇంగ్లిష్ 4, లెక్కలు 3, సైన్స్ 3, సోషల్ 3, ఇంగ్లిష్ కాని మరో భాష 2, వ్యాయామం 1, లలితకళలు 1, మిగతా 5 ఎలెక్టివ్‌లు. ఏడాది కోర్సుకు ఒక క్రెడిట్, సెమిస్టర్ కోర్సుకు అర. పాస్ మార్కు 70. డిప్లొమా కోసం రాష్ట్రం పెట్టే పరీక్షలు అంతకుముందు 15 ఉండేవి, ఈ చట్టం వాటిని 5కు దించింది.

22తో డిప్లొమా వస్తుంది గానీ చట్టం పిల్లల్ని 26 వైపే నడిపిస్తుంది. స్టెమ్, బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ అని ఐదు ఎండార్స్‌మెంట్లు, అంటే ప్రత్యేక చదువు దారులు, ఉన్నాయి. ఏదో ఒకటి తీసుకుంటే లెక్కలు నాలుగు, సైన్స్ నాలుగు అవుతాయి, మరో రెండు ఎలెక్టివ్‌లు కలుస్తాయి. వాటిలో ఆల్జీబ్రా 2 కూడా ఉంటే డిస్టింగ్విష్డ్ లెవెల్ అంటారు. క్లాసులో పై 10 శాతంలో నిలిచినవాళ్లకు చాలా రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశమిచ్చే 1997 నాటి చట్టం ఒకటుంది. ఆ ప్రవేశానికి రాజమార్గం ఈ లెవెలే.

రోజుకు ఏడు పీరియడ్ల స్కూలనుకుందాం. నాలుగేళ్లకు 28 గడులు. 26 నిండిపోతే మిగిలేవి రెండే. ఒక కోర్సు పోతే మళ్లీ చేయడానికైనా, పదకొండులో కొత్తగా పుట్టిన ఇష్టాన్ని తీర్చుకోవడానికైనా ఆ రెండే ఆధారం. తెలివైన కౌన్సెలర్ ఆ రెండు గడుల్ని తొమ్మిదిలోనే ఖర్చు చేయనివ్వడు. ఎవరి ప్లాన్ చూసినా ముందు నా కళ్లు వాటికోసమే వెతుకుతాయి.

అసలు నేర్పంతా లెక్కల వరుసలో కనిపిస్తుంది. గోడ లేపకముందే కిటికీ ఎక్కడ రావాలో గీత గీసుకునే మేస్త్రీలా, కౌన్సెలర్ ఈ వరుసను పన్నెండో తరగతి నుంచి వెనక్కి వేసుకుంటూ వస్తాడు. ఇంజినీరింగ్ చదవాలనుకునే పిల్ల పన్నెండులో కాల్కులస్ చేస్తే మంచిది. దానికి ముందు ప్రీకాల్కులస్, అంతకుముందు ఆల్జీబ్రా 2, జామెట్రీ, వాటికంటే ముందు ఆల్జీబ్రా 1. ఐదు కోర్సులు, నాలుగేళ్లు. ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 చేసిన పిల్లకు చిక్కే లేదు. ఆ క్రెడిట్ కూడా హైస్కూలు లెక్కలోకే వస్తుంది. మరి తొమ్మిదిలో మొదలుపెట్టిన పిల్ల సంగతేమిటి?

ఇక్కడ నిబంధనను శ్రద్ధగా చదివినవాడికి దారి దొరుకుతుంది. జామెట్రీకి ముందు కావలసింది ఆల్జీబ్రా 1. ఆల్జీబ్రా 2కూ రాష్ట్రం అడిగేది ఆల్జీబ్రా 1నే, జామెట్రీని కాదు. అంటే పదో తరగతిలో ఆ రెండూ పక్కపక్కన పెట్టొచ్చు. పదకొండులో ప్రీకాల్కులస్, పన్నెండులో కాల్కులస్. పదిలో ఒక ఎలెక్టివ్ గడి వదులుకుంటే చాలు, ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్ల కూడా కాల్కులస్‌కు చేరుతుంది. పిల్లకు ఆ భారం మోసే ఓపిక ఉందో లేదో చూసి, ఉంటేనే ఆ మాట ఎత్తే కౌన్సెలర్ చేతిలో ఈ పద్ధతికి నిజమైన విలువ. అసలు ఈ వరుస వేళ్లు ఆరో తరగతి దాకా వెళ్తాయి. ఐదో తరగతి లెక్కల పరీక్షలో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో ఆటోమేటిక్‌గా చేర్చాలని 2023లో మరో చట్టం వచ్చింది. ఎవరూ అడగలేదన్న కారణంతో తెలివైన పిల్ల వెనకబడకూడదన్న ఆలోచన అది. నాకు చాలా నచ్చింది.

చిన్న చిన్న కుదుర్పుల్లోనూ అందముంది. మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్న పిల్లాడికి బ్యాండ్ క్లాసుతో లలితకళల క్రెడిట్ వస్తుంది. మైదానంలో చేసే కవాతును వ్యాయామం కింద లెక్కగట్టుకోవడానికి కూడా రాష్ట్రం ఒప్పుకుంటుంది. విడిగా జిమ్ క్లాసు అక్కర్లేకుండా ఒక గడి ఖాళీ అవుతుంది. ప్రభుత్వం, ఎకనామిక్స్ చెరో అర క్రెడిట్. రెంటినీ పన్నెండులో ఒకే గడిలో, ఒక సెమిస్టర్‌కు ఒకటి చొప్పున సర్దుతారు. ఓటు హక్కు వచ్చే ఏడే పిల్లలు ప్రభుత్వం గురించి చదవడం మంచి పొందిక.

కౌన్సెలర్‌కు గట్టి పరీక్ష మన దగ్గర పదో తరగతి అయ్యాక అక్కడికి వెళ్లే పిల్లలు. చేతిలో మార్కుల మెమో తప్ప ఏమీ ఉండదు. అందులో లెక్కలు ఆల్జీబ్రాకు సరిపోతాయా, జీవశాస్త్రం బయాలజీకి సరిపోతుందా అని సిలబస్ పక్కన పెట్టుకుని తూచాలి. స్కూల్ డిస్ట్రిక్టు ఒప్పుకుని క్రెడిట్ ఇచ్చిన సబ్జెక్టుల్లో రాష్ట్ర పరీక్ష మళ్లీ రాయనక్కర్లేదు. అమెరికా చరిత్ర మాత్రం మెమోలో ఎక్కడా దొరకదు, రెండేళ్లలోనే దాన్ని ఇరికించాలి. ఈ పని ఓర్పుగా చేసి, ఒక్క ఏడాదీ వెనక్కి నెట్టకుండా పిల్లను గట్టెక్కించిన కౌన్సెలర్ ఆ కుటుంబానికి చేసిన మేలు చిన్నది కాదు. ఒక్కో కౌన్సెలర్‌కు 250 మందికి మించకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెబుతుంది. చాలాచోట్ల అంతకంటే ఎక్కువమందే ఉంటారు. అంతమందిలో ఒక పిల్ల మెమోను వరుస వరుసా చదవడమంటే పనిమీద ఎంత ప్రేముండాలి!

తెలుగువాళ్లకు పనికొచ్చే గడి మరొకటుంది, భాషది. రెండు క్రెడిట్లూ ఒకే భాషలో కావాలి. స్పానిషే కానక్కర్లేదు. కోర్సు చేయకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే పద్ధతి టెక్సాస్‌లో ఉంది, అవాంట్ సంస్థ నడిపే స్టాంప్ భాషా పరీక్షల్లో తెలుగూ ఉంది. మీ డిస్ట్రిక్టు దాన్ని తీసుకుంటుందో లేదో అడగండి. తీసుకుంటే ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడిన భాష ట్రాన్స్‌క్రిప్ట్ మీదికి ఎక్కుతుంది, రెండు గడులూ మిగులుతాయి. ఆ మిగులును కాపాడుకోవాలంటే హాజరు కూడా చూసుకోవాలి. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం రాకపోతే, పాసైనా క్రెడిట్ ఆగిపోవచ్చు. సంక్రాంతికని నెల రోజులు ఊరెళ్లే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

మన దగ్గర పది కాగానే ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అని తేల్చుకోవాలి, ఆ తర్వాత వెనక్కి రావడం కష్టం. టెక్సాస్ ప్లాన్‌ను విద్యార్థి తర్వాత మార్చుకోవచ్చని చట్టంలోనే రాశారు. మారిస్తే స్కూలు తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పది పూర్తయ్యాక, కౌన్సెలర్‌తో మాట్లాడి తల్లిదండ్రులు రాసిస్తే ఎండార్స్‌మెంట్ వదులుకుని 22తోనే ముగించే దారీ ఉంది. మార్పుకు చోటిచ్చినా చివరి గమ్యం చెడకుండా చూడటం ఈ రచనలో గొప్పదనం. స్టెమ్‌కు ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కావాలి. మంచి కౌన్సెలర్ పదకొండు ముగిసేసరికి ఆ మూడూ పూర్తయ్యేలా వేస్తాడు. పిల్ల చివర్లో సంగీతం వైపు మళ్లినా నష్టం లేదు, సంగీతం నుంచి ఇంజినీరింగ్ వైపు మళ్లినా నష్టం లేదు.

మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే, ఆ కాగితం వచ్చిన రోజు సంతకానికి తొందరపడకండి. కౌన్సెలర్‌ను కలిసి రెండు ప్రశ్నలు అడగండి. పన్నెండులో మా పిల్ల ఏ లెక్కల కోర్సులో ఉంటుంది? నాలుగేళ్లలో ఖాళీ గడులు ఎన్ని, అవి ఏ ఏడాదిలో ఉన్నాయి? ఏటా వసంతంలో కోర్సులు ఎంచుకునే వారం రాగానే పాత ప్లాన్ తీసి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అవే అడగండి.