స్లోను మృత్ప్రతిమ – కర్తృలోపవిచారము
లండను బ్రిటిషు మ్యూజియములోని ప్రతిమతోఁ బల్నాటివారికేమి పని యని యడుగుదురు గాఁబోలు. 2022లోఁ బల్నాడు జిల్లాలోఁ జేర్చిన యమరావతియందలి స్తూపశిలలు కొన్ని యచ్చటనే యున్నవి. ఆ మ్యూజియమునకుఁ బునాది స్లోనుదొర సంగ్రహము.

హాన్సు స్లోను (1660–1753) వైద్యుఁడు, ప్రకృతిశాస్త్రజ్ఞుఁడు. 1687లో జమైకాకుఁ బోయి యోషధులు సేకరించెను. పిదప నచ్చటి తోటల యాదాయముగల వితంతువును బెండ్లాడెను. బానిసల కష్టార్జిత మట్లు సంగ్రహమునకుఁ దోడుపడెను. అతఁడు విడిచిన వస్తువులు 71,000. రిస్‌బ్రాకు శిల్పి చేసిన మృత్ప్రతిమయం దీ కథ లేదు. శిల్పమునఁ గ్రియాపద ముండదు గదా! 2020లో దానిని పీఠమునుండి దించి, బానిసత్వసంబంధమును దెలుపు వ్రాఁతతో నద్దాల బీరువాలో నుంచిరి. అపచారమని కొందఱనిరి. నాకట్లు తోఁపదు. శిల్పము చెడలేదు, వాక్యమున లోపించిన పదము చేరినది. "సంగ్రహింపఁబడెను" అను కర్మణిప్రయోగమునఁ గర్తను దాఁచుట సులభము. (తెలుఁగున నది యరుదగుట మన భాగ్యము.)

మనకును నిట్టివాఁ డొకఁడు గలఁడు. వాల్టరు ఎలియటుదొర 1845లో నమరావతి త్రవ్వించి శిలలను మదరాసు చేర్చెను. 1859లో "ఫ్లోరా ఆంధ్రికా" యందు మన చెట్ల తెలుఁగుపేళ్లను బ్రకటించెను, అందులకుఁ గృతజ్ఞులము. ఆ యేఁటనే శిలలు లండనునకుఁ బోయెను. "పోయెను" అని నేనును వ్రాసితిని! "కొనిపోయిరి" అని దిద్దుకొనుచున్నాను.