నవలాకారుని జీవిక – నవలా స్వరూపము

తెలుగున నవల పుట్టి సుమారు నూటయేబది సంవత్సరము లగుచున్నది. 1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు “రాజశేఖర చరిత్రము”ను తమ వివేకవర్ధనిలో ప్రకటింప నారంభించినది మొదలు మన నవలల వస్తువు, పాత్రపోషణము, భాష పెక్కుమార్లు విమర్శకు వచ్చినవి. కాని యొక ప్రశ్నను విమర్శకులు తఱచుగా దాటిపోయిరి. ఆ నవలను వ్రాయు దినములలో రచయిత యింట పొయ్యి యెట్లు వెలిగినది? ఇది లోకవృత్తమేగాని సాహిత్యవిషయము గాదని కొంద రనవచ్చును. జీవిక లభించిన తెరవు నవలాస్వరూపముపై ముద్ర వేయునని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదటి తెరవు బహుమతి. 1890ల దశకమున రాజమహేంద్రవరమునందు న్యాపతి సుబ్బారావు పంతులుగారు చింతామణి పత్రికాముఖమున నవలల పోటీలు నడపిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి “రామచంద్ర విజయము” అట్లు బహుమతి నందినదే. పిదప మద్రాసునకు తరలిన విజ్ఞానచంద్రికా మండలియు నవలల పోటీలు జరపినది. ఈ ప్రోత్సాహము మేలే. కాని బహుమతి యొకమారు చేతికి వచ్చు ధనమేగాని జీవనాధారము గాదు. పైగా పోటీకి గడువుండును. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని విశ్వనాథ సత్యనారాయణగారి “వేయిపడగలు”, అడివి బాపిరాజుగారి “నారాయణరావు” పంచుకొన్నవి. “వేయిపడగలు” 29 దినములలో ఆశువుగా చెప్పబడినదని ప్రసిద్ధి. కథను నిలిపి చర్చలోనికి దిగుట, ఒకచో విడువరాని పట్టు, మఱియొకచో సడలిన కూర్పు — ఇవి నోటిమాటకు సహజలక్షణములు. తిరిగి చదివి కుదించు తీరిక గడువునకు లోబడినవాని కెక్కడిది? ఆ వేగమే ఆ గ్రంథమునకు బలము. ఆ వేగమే దాని కొఱతయు.

రెండవ తెరవు ఉద్యోగము. విశ్వనాథవారు కళాశాలలలో ఉపన్యాసకులు. బుచ్చిబాబుగారు ఆకాశవాణిలో ఉద్యోగి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో తనువు చాలించువఱకు మద్రాసున “చందమామ”కు సేవచేసిరి. బుచ్చిబాబుగారు కథలు, నాటికలు, వ్యాసములు విరివిగా వ్రాసియు నవలగా “చివరకు మిగిలేది” నొక్కదానినే యిచ్చిరి. దీనికి ఉద్యోగమే కారణమని తీర్పు చెప్పుట సాహసము. కుటుంబరావుగారు కొలువు చేయుచునే పెక్కు నవలలు వ్రాసిరిగదా! ఐనను సాయంకాలపు రెండు గడియలలో ఇముడు కథకును, ఏండ్లతరబడి మనస్సున మోయవలసిన కథకును భేదము కలదు. ఉద్యోగము రచయితకు స్వాతంత్ర్య మిచ్చును. కాలమును మాత్రము తీసికొనును.

మూడవ తెరవు ధారావాహిక. యద్దనపూడి సులోచనారాణిగారి “సెక్రటరీ” జ్యోతి మాసపత్రికలో వెలువడి, పుస్తకముగా మరల మరల ముద్రితమై, 1976లో చలనచిత్రమైనది. 1960, 1970 దశకములలో రచయితలకు, విశేషించి రచయిత్రులకు, కలము కొంత కూడు పెట్టిన మార్గమిదే. దానిని చౌకబారని యీసడించుట న్యాయము గాదు. కాని సంచిక సంచికకు పాఠకుని ఉత్కంఠతో నిలుపవలసిన యక్కఱ కథాగమనమును శాసించినది. పాత్ర పెరుగుటకన్న మలుపు ముఖ్యమైనది. అద్దె పుస్తకశాలలు పాఠకులను పెంచినవి. ఐనను ఒక ప్రతిని నూర్గురు చదివినను రచయితకు దక్కినది ఆ యొక్క ప్రతి పాలే. నేడు అట్టి నవలలకు ఆశ్రయమిచ్చిన పత్రికలలో పెక్కు నిలిచిపోయినవి.

ఇక నేటి లెక్క చూతము. ఒక నవల వెల 200 రూపాయలు, ప్రతులు 1000, రచయిత పాలు పదియవవంతు అనుకొందము. ప్రతులన్నియు అమ్ముడువోయిననే 20,000 రూపాయలు. రచనకు రెండేండ్లు పట్టినచో నెలకు 833 రూపాయలు! ఇట్టి స్థితిలో గొప్ప నవల రాలేదని విమర్శించుటకు ముందు మన చేతిని మనము చూచుకొనవలెను.

తెలుగు నవలకు మద్రాసు వంటి రాష్ట్రేతర నగరములు ముద్రణాలయములను, పత్రికలను, కొలువులను ఇచ్చినవి. ఆ నగరములలో తరతరములుగా నివసించు మనకు ఆ సంప్రదాయము పరాయిది గాదు. మన సంఘములు సన్మానమున శాలువ కప్పుటతో తృప్తినొందక, ఏటేట కొన్ని క్రొత్త నవలలను వెలయిచ్చి కొని తమ గ్రంథాలయములలో నుంచవలెను. బహుమతికన్న, కొలువుకన్న, పత్రికకన్న రచయితను స్వతంత్రుని చేయునది కొని చదువు పాఠకుడే. అట్టి పాఠకులు వేయిమంది యున్నచోట గడువునకుగాని, మలుపునకుగాని లొంగని నవల పుట్టుటకు తావు కలుగును.